ఒక్క ఏడాది లైసెన్స్‌తో తొమ్మిదో తరగతి గదిలోకి

మా నాన్న ఖమ్మం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్ లెక్కల మాస్టారు. బీఈడీ చేసి, డీఎస్సీ రాసి, మూడు ఊళ్ళు మారి, ముప్పై రెండేళ్ళు పాఠం చెప్పి రిటైరయ్యారు. 2021 సంక్రాంతి రోజు ఫోన్‌లో ఆయనతో, "నాన్నా, నేను ఇక్కడ టీచర్‌ని అవుదామనుకుంటున్నా" అన్నాను. "బీటెక్ చదివినదానివి, బీఈడీ లేకుండా ఎట్లా తీసుకుంటారమ్మా?" అన్నారు. టెక్సస్‌లో ఇంకో దారి ఉందని చెప్పాను. డిగ్రీ ఉన్నవాళ్ళు సబ్జెక్టు పరీక్ష పాసై, ఒక ఏడాది లైసెన్స్‌తో ఉద్యోగంలో చేరి, పాఠం చెబుతూనే మిగతా శిక్షణ పూర్తి చెయ్యవచ్చని వివరించాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంటే నువ్వు నేర్చుకునే ఏడాది ఎదురుగా కూర్చున్న పిల్లల సంగతేంటి?" అని అడిగారు.

అప్పుడు నాకది పాతకాలం ప్రశ్న అనిపించింది. ఆ తర్వాత రెండున్నరేళ్ళలో నేను రాసిన పరీక్షలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క ప్రశ్న ఒక ఎత్తు.

2016లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌కు వచ్చాను. హెచ్4 వీసా, అంటే ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది. మా ఆయన గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తు అప్రూవ్ అయ్యాక, 2019లో నాకు పని చేసుకునే అనుమతి, అంటే ఈఏడీ కార్డు వచ్చింది. హెచ్4 మీద ఉన్నవాళ్ళు పని చేసే వీలు 2015లోనే మొదలైంది కాబట్టి, నాకన్నా ముందు వచ్చిన అక్కల కష్టంతో పోలిస్తే నాది నయం. కార్డు రాగానే అందరూ టెస్టింగ్ కోర్సు చేసి ఐటీలో చేరమన్నారు. ఒక నెల కూర్చున్నాను, మనసు పట్టలేదు. ఆదివారం తెలుగు నేర్పే మనబడిలో చిన్నపిల్లలతో అక్షరాలు దిద్దించేటప్పుడు, సాయంత్రం మా అపార్ట్‌మెంట్ పిల్లలకు లెక్కలు చెప్పేటప్పుడు మాత్రం టైమ్ తెలిసేది కాదు. కరోనా ఏడాది మా పాప ఫస్ట్ గ్రేడ్ పాఠాలు కంప్యూటర్‌లో వింటుంటే, వాళ్ళ టీచర్ ఒక్కో పిల్లవాడిని పేరు పెట్టి ఎలా పలకరిస్తోందో పక్క గదిలోంచి రోజూ వినేదాన్ని. నాకు కావాల్సిన పని అదేనని అప్పుడు తేలిపోయింది.

బీఈడీ లేకుండా టీచరయ్యే ఈ దారిని ఇక్కడ ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ అంటారు. టెక్సస్‌లో ఇది 1980ల నుంచే ఉంది. శిక్షణ ఇచ్చే ప్రోగ్రామ్‌లు చాలా రకాలు: యూనివర్సిటీలు నడిపేవి, స్కూల్ డిస్ట్రిక్ట్‌లు నడిపేవి, రాష్ట్రంలో ఉన్న 20 ప్రాంతీయ విద్యా సేవా కేంద్రాల్లో కొన్ని నడిపేవి, లాభం కోసం ప్రైవేటు కంపెనీలు నడిపేవి. అన్నిటికీ అనుమతి ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వమే, చివరికి లైసెన్స్ ఇచ్చేదీ అదే. నేను ఫీజు తక్కువ, పని చేసుకుంటూ కట్టొచ్చు అన్న ఒకే లెక్కతో ఒక ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌లో చేరాను. పేరు చెప్పను. ఇప్పుడైతే చేరేముందు రెండే విషయాలు అడిగేదాన్ని: ఉద్యోగంలో చేరకముందు నన్ను నిజమైన క్లాసులో ఎన్ని గంటలు కూర్చోబెడతారు? చేరాక నన్ను చూడటానికి వచ్చే మనిషి ఎవరు?

కాగితాల పని నాలుగైదు నెలలు పట్టింది. ఖమ్మంలో ఉన్న మా తమ్ముడు యూనివర్సిటీకి తిరిగి ట్రాన్‌స్క్రిప్ట్‌లు సీల్డ్ కవర్లలో పంపాడు. వాటిని ఇక్కడ గుర్తింపు ఉన్న సంస్థతో సబ్జెక్టువారీగా లెక్క కట్టించాలి. అలా లెక్క కట్టాక జీపీఏ 2.5కి తగ్గకూడదు. హైస్కూల్ లెక్కలు చెప్పాలంటే డిగ్రీలో కనీసం 15 క్రెడిట్ల లెక్కలు ఉండాలి, లేదంటే ప్రోగ్రామ్‌లో చేరేముందే సబ్జెక్టు పరీక్ష పాసవ్వాలి. బీటెక్‌లో ఎం1, ఎం2, ఎం3 చదివినవాళ్ళకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. కానీ మెమోలో పేపర్ పేరు ‘మ్యాథమెటిక్స్’ అని కాకుండా ఇంకేదో ఉంటే ఆ క్రెడిట్లు లెక్కలోకి రాకపోవచ్చు. సిలబస్ కాపీ దగ్గర పెట్టుకోవడం మంచిది.

టోఫెల్ కూడా రాయమన్నారు. అప్పట్లో స్పీకింగ్‌లో 24 రావాల్సి ఉండేది, అది తక్కువేమీ కాదు. నాలుగేళ్ళు ఇంగ్లిష్‌లోనే ఇంజినీరింగ్ చదివాను, ఇంకా ఈ పరీక్షా అని బాధపడ్డాను. క్లాసులోకి వెళ్ళాక ఆ బాధ పోయింది. ఆ పరీక్ష అడిగినదానికన్నా క్లాసు చాలా ఎక్కువ అడిగింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

సబ్జెక్టు పరీక్ష పేరు టెక్సెస్, నంబరు 235, ఏడు నుంచి పన్నెండు తరగతుల లెక్కలు. వంద ప్రశ్నలు, ఐదు గంటలు, 240 వస్తే పాస్, ఫీజు అప్పట్లో 116 డాలర్లు. ప్రత్యేక అనుమతి లేకుండా మొత్తం ఐదుసార్లకు మించి రాయనివ్వరు. ఎంసెట్ రాసినదాన్ని కదా అని మూడు వారాలే చదివాను. 233 వచ్చింది. స్కోర్ రిపోర్ట్ విప్పి చూస్తే ఆల్జీబ్రా, జామెట్రీ అన్నీ బాగున్నాయి. పోయినవన్నీ ‘పిల్లలు లెక్క ఎలా నేర్చుకుంటారు’ అన్న భాగంలోనే. ఒక పిల్లవాడు చేసిన తప్పు లెక్క ఇచ్చి, వాడు ఏం అనుకుని ఇలా చేశాడు, తర్వాత వాడిని ఏం అడగాలి అంటారు. సరైన జవాబు తెలిసిన నాకు తప్పు జవాబు చదవడం రాలేదు. చదువుకున్నన్నాళ్ళూ తప్పు అంటే ఎర్ర ఇంకు ఇంటూ మార్కే. దాని లోపల ఒక ఆలోచన ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. రెండోసారి ఆ భాగమే చదివి 258తో పాసయ్యాను.

శిక్షణ మొత్తం 300 గంటలు. అందులో సగం ఉద్యోగంలో చేరేముందే పూర్తి కావాల్సి ఉండేది. నా విషయంలో ఎక్కువ భాగం వీడియోలు చూడటం, క్విజ్‌లు రాయడం, ‘మీ క్లాసులో ఇలా జరిగితే ఏం చేస్తారు’ అని రెండు పేరాలు రాసి పెట్టడం. నాకింకా క్లాసే లేదు. అప్పటి నిబంధన ప్రకారం నిజమైన తరగతులను గమనించడానికి 30 గంటలు, అందులోనూ సగం వరకు వీడియోలో చూసినా ఒప్పుకునేవారు. అంటే బడి గదిలో నేను తప్పనిసరిగా కూర్చోవాల్సింది 15 గంటలు. రెండు రోజుల బడి. మా ఊళ్ళో మగ్గం నేర్చుకునే పిల్లని కూడా రెండు రోజులు చూసి కూర్చోమనరు. నాకు భయం వేసి, 2022 జనవరి నుంచి సబ్‌గా వెళ్ళడం మొదలుపెట్టాను. టీచర్ సెలవు పెట్టిన రోజు ఆ క్లాసు చూసుకునే పని. రోజుకు వంద డాలర్ల చిల్లర. నాలుగు నెలల్లో 46 రోజులు వెళ్ళాను. గంట కొట్టాక పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలో, నర్సు దగ్గరికి పంపే చీటీ ఎలా రాయాలో, ఫైర్ డ్రిల్‌లో ఏ తలుపులోంచి వెళ్ళాలో అక్కడే తెలిసింది. ఈ దారిలో వచ్చే ఎవరికైనా నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: ఎవరూ అడగకపోయినా సబ్‌గా వెళ్ళండి.

ఉద్యోగం అంత తేలిగ్గా దొరకలేదు. లెక్కల టీచర్ల కొరత అని అందరూ అంటారు. కొరత ఉండేది మా ఇంటి చుట్టుపక్కల బడుల్లో కాదు. ఇర్వింగ్, కాపెల్, ఫ్రిస్కో వైపు నలభైకి పైగా అప్లికేషన్లు పెడితే రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి, రెండిటిలోనూ అనుభవం ఉన్నవాళ్ళనే తీసుకున్నారు. బడులు తెరవడానికి పది రోజుల ముందు, డాలస్‌కు దక్షిణంగా ఉన్న ఒక హైస్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. తొమ్మిదో తరగతికి లెక్కలు, అంటే ఆల్జీబ్రా 1 చెప్పే టీచర్ మానేశారు, రేపు రాగలరా అన్నారు. వెళ్ళాను, తీసుకున్నారు. ప్రోగ్రామ్ వాళ్ళు సిఫార్సు పంపారు, వేలిముద్రలు ఇచ్చాను, ఇంటర్న్ సర్టిఫికెట్ వచ్చింది. దాని గడువు ఒక్క ఏడాది.

అప్పుడే నాన్న ప్రశ్న మొదటిసారి గుండెలో దిగింది. నాకు ముందు అక్కడ చెప్పిన టీచర్ కూడా ఇదే దారిలో వచ్చి ఒక ఏడాది చేసి వెళ్ళిపోయారట. అంతకుముందు ఏడాది సగంలో లాంగ్ టర్మ్ సబ్. అనుభవం ఉన్నవాళ్ళు బాగా జరిగే బడులకు పోతారు, నాలాంటి కొత్తవాళ్ళకు చోటు దొరికేది ఎవరూ నిలవని బడిలో. నేను ఎన్నిసార్లయినా తొమ్మిదో తరగతికి పాఠం చెబుతాను. వాళ్ళకు తొమ్మిదో తరగతి ఒక్కసారే.

ఆరు పీరియడ్లు, 148 మంది పిల్లలు. సగానికి పైగా ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళు. నన్ను పేరుతో కాకుండా ‘మిస్’ అని పిలిచేవారు, అది అక్కడి అలవాటు. మొదటి వారంలోనే ఒక విషయం నా నోరు నొక్కేసింది. బోర్డు దగ్గర నిలబడి, "5 ఇన్‌టు 20 ఎంత?" అన్నాను. క్లాసు క్లాసంతా "4" అంది. నేను ఇంకోసారి అడిగాను. మళ్ళీ "4". మనకు ‘ఇన్‌టు’ అంటే గుణించడం, జవాబు 100. వాళ్ళకు ‘5 ఇన్‌టు 20’ అంటే 20లో 5 ఎన్నిసార్లు పోతుంది అని, అంటే భాగహారం. ఒకే మాటకు సరిగ్గా ఎదురు అర్థం! వాళ్ళు చెప్పింది వాళ్ళ భాషలో అక్షరాలా సరైన జవాబు, నేను రెండుసార్లు కాదన్నాను.

ఆ రాత్రి ఒక నోటుబుక్కులో పట్టిక మొదలుపెట్టాను. మన బ్రాకెట్ వాళ్ళకు పేరెంథసిస్. హెచ్‌సీఎఫ్ వాళ్ళకు జీసీఎఫ్. బాడ్‌మాస్ వాళ్ళకు పెమ్‌డాస్. ట్రెపీజియం ట్రెపిజాయిడ్ అవుతుంది, సర్డ్ రాడికల్ అవుతుంది. సరళరేఖ సమీకరణంలో చివర మనం రాసే ‘సీ’ వాళ్ళకు ‘బీ’. ‘హోల్ స్క్వేర్’ అన్న మాటే వాళ్ళు వినలేదు. ‘10 బై 2’ అంటే గది కొలతలేమో అనుకుంటారు. డిసెంబర్ నాటికి ఆ పట్టిక మూడు పేజీలైంది. ఏ కోర్సులోనూ ఇది లేదు. విదేశాల్లో చదివి ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ముందుగా చేతిలో పెట్టాల్సిన కాగితం ఇదేనని నా గట్టి నమ్మకం. తర్వాత ఆ పట్టికను పిల్లలకే చూపించాను. స్పానిష్‌లో దీన్ని ఏమంటారని అడిగి మూడో వరుస వాళ్ళచేతే రాయించాను. ఇంగ్లిష్ సరిగా రాక ఆగస్టు నుంచి నోరు విప్పని ఒక అమ్మాయి ఆ రోజు బోర్డు దగ్గరికి వచ్చింది.

నాకు మెంటర్‌గా ఇచ్చింది పక్క గది టీచర్‌ని. ఇరవై ఆరేళ్ళుగా అదే బడిలో ఉన్న నల్లజాతి మహిళ. సెప్టెంబర్‌లో ఒక మధ్యాహ్నం నాలుగో పీరియడ్‌లో పిల్లలు నా మాట అసలు వినలేదు. కుర్చీ ఒకటి పడింది, ఎవరో ఫోన్‌లో పాట పెట్టారు, నేను అరిచాను. గంట కొట్టాక గదిలో ఒంటరిగా కూర్చుని ఏడుస్తుంటే ఆవిడ వచ్చి తలుపు వేసి, ఓదార్చకుండా, "ఈ పీరియడ్ మొదటి మూడు నిమిషాలు నువ్వేం చేశావో వరుసగా చెప్పు" అన్నారు. చెప్పాను: హాజరు వేశాను, ప్రొజెక్టర్ పెట్టాను, కేబుల్ వెతికాను. "ఆ మూడు నిమిషాలు వాళ్ళకు నువ్వేం పని ఇచ్చావు?" అన్నారు. ఏమీ ఇవ్వలేదు. మర్నాటి నుంచి తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరుతో పలకరించడం, లోపలికి రాగానే బోర్డు మీద ఒక లెక్క సిద్ధంగా ఉండటం. రెండు వారాల్లో నాలుగో పీరియడ్ వేరే క్లాసైంది. ఆవిడ తనకు క్లాసు లేని ప్లానింగ్ పీరియడ్‌లో వారానికి రెండుసార్లు నా గదిలో వెనక కూర్చునేవారు. అందుకు ఆవిడకు దక్కింది ఏమీ లేదు.

ప్రోగ్రామ్ తరఫున ఫీల్డ్ సూపర్‌వైజర్ వస్తారు. మొదటి సెమిస్టర్‌లో మూడుసార్లు, రెండోదాంట్లో రెండుసార్లు, ప్రతిసారీ 45 నిమిషాలు కూర్చుని చూడాలి. నాకు వచ్చినాయన రిటైరైన ప్రిన్సిపాల్. టెక్సస్‌లో టీచర్లను కొలిచే టీ-టెస్ పద్ధతిలో నాలుగు విభాగాలు, పదహారు అంశాలు ఉంటాయి. వాటిలో ఎక్కడ ఎంత వేస్తారోనని నాకు టెన్షన్. ఆయన మార్కుల కాగితం పక్కన పెట్టి తన నోటుబుక్కు తిప్పి చూపించారు. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ ఒక గీత గీశారు. 41 గీతలు. వాటిలో 33 ప్రశ్నలకు జవాబు కూడా నేనే చెప్పేశానట. "నువ్వు అడిగాక నీకు మౌనం భరించడం కష్టంగా ఉంది" అన్నారు. నిజమే. మౌనంగా ఉంటే నాకు పాఠం రాదనుకుంటారేమోనని భయం. ప్రశ్న అడిగి మనసులో ఐదు లెక్కపెట్టుకోవడం అలవాటు చేసుకోవడానికి నాకు నవంబర్ వరకు పట్టింది.

ఆ మౌనంలోనే పిల్లల తప్పులు వినపడటం మొదలైంది. ఫిబ్రవరిలో (ఎక్స్ ప్లస్ 3) మొత్తాన్ని స్క్వేర్ చెయ్యమంటే దాదాపు అందరూ ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9 అని రాశారు. నేనైతే చిన్నప్పుడు ఫార్ములా నూరుసార్లు రాసి బట్టీ పట్టాను. వెనక వరుసలో ఒక అబ్బాయిని "ఇలా ఎందుకు వచ్చిందో చెప్పు" అని అడిగాను. "(3 ఎక్స్) స్క్వేర్‌కి లోపల ఉన్న రెండిటికీ స్క్వేర్ ఇచ్చాం కదా మిస్, ఇక్కడా రెండిటికీ ఇచ్చాను" అన్నాడు. వాడు నిన్నటి పాఠాన్నే నమ్మకంగా తీసుకొచ్చి ఇక్కడ పెట్టాడు! గుణకారానికి పనికొచ్చింది కూడికకు పనికిరాదని నేనే చెప్పలేదు. ఎక్స్ బదులు 2 వేసి చూడమన్నాను. 25 ఒకవైపు, 13 ఇంకోవైపు. వాడు కాసేపు చూసి, చతురస్రం గీసి నాలుగు గళ్ళు చేసి, "మధ్యలో రెండు గళ్ళు ఖాళీగా వదిలేశాను" అన్నాడు. 233 వచ్చిన రోజు నాకు రానిది ఇదే.

ఈ మధ్యలో ఈఏడీ గడువు డిసెంబర్‌లో అయిపోతోంది. రెన్యువల్ వేసి ఎదురుచూస్తున్నాం. కార్డు రాకపోతే ఏడాది మధ్యలో క్లాసు వదిలి వెళ్ళాలి, అంటే ఆ పిల్లలకు ఇంకో సబ్. కొత్త కార్డు వచ్చేదాకా పాతదాని మీదే పని చేసుకోనిచ్చే ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్‌ను 2022 మేలో 180 రోజుల నుంచి 540కి పెంచడం, నేను దేశంలో ఉండటానికి అనుమతించే ఐ-94 గడువు చాలా దూరం ఉండటం వల్ల ఉద్యోగం ఆగలేదు. ఆ కాగితాలు బడి హెచ్ఆర్‌కు అర్థమయ్యేలా చెప్పడానికి మూడుసార్లు వెళ్ళాను. వీసా మీద ఉన్నవాళ్ళు ఆగస్టులోనే ఈ తేదీలు చూసుకోవాలి.

రెండో పరీక్ష పీపీఆర్, బోధనా పద్ధతులు, టీచర్ బాధ్యతల మీద. వేసవిలో నమూనా ప్రశ్నలు చేస్తే సగం తప్పు పోయాయి. హోంవర్క్ చెయ్యని పిల్లవాడి విషయంలో మొదట ఏం చేస్తారంటే నా చెయ్యి ‘తల్లిదండ్రులకు చెబుతాను’ మీదికే పోయేది. పిల్లవాడితోనే విడిగా మాట్లాడటం అనే జవాబు నాకు తట్టేది కాదు. డిసెంబర్ సెలవుల్లో రాసేటప్పుడు పెద్దగా చదవలేదు. ప్రతి ప్రశ్నలో నా క్లాసు పిల్లలే కనిపించారు. ఒకేసారి పాసయ్యాను.

బడి ఏడాది చివర్లో స్టార్ పరీక్ష, అంటే టెక్సస్ రాష్ట్రమంతా పిల్లలకు పెట్టే పరీక్ష. ఆ ఏడాదే అది పూర్తిగా కంప్యూటర్ మీదికి మారింది, ప్రశ్నల తీరూ మారింది. నా పిల్లల్లో ఎక్కువమంది గట్టెక్కారు. 37 మంది ఫెయిలయ్యారు. ఆ 37 పేర్లూ నాకు గుర్తున్నాయి. అందులో చాలామందికి మార్కులు ఆగస్టు, సెప్టెంబర్ పాఠాల దగ్గరే పోయాయి, అంటే నేను ప్రొజెక్టర్ కేబుల్ వెతుకుతున్న రోజుల పాఠాలు. జూన్‌లో వేసవి తరగతులు ఎవరు చెబుతారని అడిగితే నేనే పేరు ఇచ్చాను. వచ్చిన 22 మందికి మళ్ళీ మొదటి చాప్టర్ నుంచి చెప్పాను. మిగతావాళ్ళు రాలేదు.

స్టాండర్డ్ సర్టిఫికెట్ జూన్ చివర్లో వచ్చింది. ఐదేళ్ళ గడువు. రెన్యువల్‌కు ఆ ఐదేళ్ళలో 150 గంటల శిక్షణ చూపించాలి. కాగితం ఏదీ పోస్టులో రాదు. వెబ్‌సైట్‌లో మన పేరు కొడితే కనిపిస్తుంది, అదే అసలుది. నాన్నకు వీడియో కాల్‌లో స్క్రీన్ చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కింద దాకా చదివారు. ఇంటి పేరు సరిగా పడిందో లేదో చూశారు.

"ఇంతకీ ఆ పిల్లలు ఎట్లా ఉన్నారు?" అన్నారు.

22 మంది గురించి చెప్పాను. మిగతా పదిహేను మంది గురించి కూడా చెప్పాను.

"ఆ పదిహేను మందీ వచ్చే ఏడాది అదే బడిలో ఉంటారు కదా?" అన్నారు.

ఉంటారు నాన్నా, నేనూ ఉంటాను అన్నాను. ఆగస్టులో మొదటి వారం, మూడో పీరియడ్ ప్లానింగ్ టైమ్‌లో, ఆ పదిహేను మంది ఏయే గదుల్లో ఉన్నారో లిస్టు తీసుకోవడానికి, బడిలో పిల్లల క్లాసుల సంగతి చూసే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాను.